ఏడాదిపాటు ఆరబెట్టిన అమ్మాయి

ఏంటే, మూతి ముడుచుకుని వచ్చావు? హాల్లో మీ అమ్మానాన్నల వాదన ఇక్కడికీ వినిపిస్తోందిలే. తాతకి చెవుడొచ్చిందని వాళ్ళనుకుంటారు, నేనూ కాదనను, దానివల్ల బోలెడు సుఖం. మీ నాన్నేమో కాలేజీ అంటాడు. మీ అమ్మేమో ఆ ఫోన్ల షాపువాళ్ళు పిలిచి ఉద్యోగమిస్తుంటే కాలదన్నుకుంటామా అంటుంది. మధ్యలో నువ్వు అడకత్తెరలో పోకచెక్క. కూర్చో, నీకో చిన్న కథ చెప్తాను. నిజంగా చిన్నదే, రెండు ముక్కల్లో అయిపోతుంది. మా వీధిలో ఆగు మేస్త్రి అని ఒక వడ్రంగి ఉండేవాడు, ఆయనకో కూతురు, ఆ పిల్ల నీలాగే హైస్కూలు పాసయ్యింది, తర్వాతేంటి అనే ప్రశ్న వచ్చింది. అంతే కథ. ఇంకేం లేదు.

ఆగు మేస్త్రి అనేది అసలు పేరు కాదనుకో. అసలు పేరు ఆయన పెళ్ళానికైనా గుర్తుందో లేదో. మాటకి ముందు ఆగు, మాటకి తర్వాత ఆగు. మేస్త్రీ, కుర్చీ కాలు విరిగింది అంటే, ఆగు. మేస్త్రీ, పెళ్ళివారు వచ్చేస్తున్నారు, మంచం ఏదీ అంటే, ఆగు. మేస్త్రీ, నీ చొక్కా అంటుకుంది అన్నా ఆగు, చూద్దాం అంటాడని మా వీధి చివరి దర్జీ అనేవాడు. ఆ దర్జీ ఇంకొకళ్ళని అనడానికి సరిపోయాడు. అందరి కొలతలూ శ్రద్ధగా పుస్తకంలో రాసుకునేవాడు, ఎవరి చొక్కా వాళ్ళకి పట్టేది కాదు. ఆయన దగ్గర కుట్టించుకున్న మగాళ్ళందరం ఒకచోట నిలబడి చొక్కాలు మార్చుకుంటే గానీ సరిపోయేవి కావు. సరే, పోయినవాడిని ఆడిపోసుకోవడం ఎందుకు. ఆయనా పోయాడు, ఆ చొక్కాలూ పోయాయి.

ఆ ఆగు అనేది మేస్త్రికి పుట్టుకతో వచ్చింది కాదు. దానికో కారణం ఉంది. వయసులో ఉన్నప్పుడు మా స్కూలు పెద్ద గదికి తలుపు చేసే పని ఆయనకే వచ్చింది. పైనుంచి ఎవరో అధికారి చూడ్డానికొస్తున్నాడని హెడ్మాస్టరు నెత్తిమీద కూర్చున్నాడు. "రేపటికి కావాలి మేస్త్రీ, ఎల్లుండికి కాదు." అప్పుడే కొట్టి తెచ్చిన పచ్చి కర్ర. ఆ కర్రతోనే బిగించేశాడు. అధికారి వచ్చాడు, చూశాడు, వెళ్ళాడు. తర్వాత వానలు పడ్డాయి, తలుపు ఉబ్బింది. ఎండలు కాశాయి, ఎండి మెలి తిరిగింది. ఇంక జన్మలో సరిగ్గా పడలేదు. దాన్ని వెయ్యాలంటే మోకాలితో కిందనుంచి ఎత్తి, భుజంతో తొయ్యాలి. మా స్కూల్లో చదివినవాళ్ళ కుడి మోకాలు చూడు, మచ్చ ఉంటుంది. చదువు అబ్బినా అబ్బకపోయినా మచ్చ మాత్రం గ్యారంటీ. నలభై ఏళ్ళు పిల్లలందరూ ఆ తలుపు దగ్గర నిలబడి మేస్త్రిని తిట్టారు. ఆయన ఆ రోడ్డు మీద నడవడమే మానేశాడు, చుట్టు తిరిగి వెళ్ళేవాడు. అప్పటినించి ఒకటే నియమం. ఏ కర్రయినా సరే, ఏడాది నీడలో ఆరాకే రంపం తగలాలి.

ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉండేది. లోపల పలకలు వరసగా పేర్చి, పలకకీ పలకకీ మధ్య సన్నటి బద్దలు పెట్టేవాడు, గాలాడాలని. ఒక్కో పలక చివర సుద్దముక్కతో తేదీ. ఆ తేదీకి ఏడాది నిండకుండా దాని మీద ఈగ వాలినా ఒప్పుకునేవాడు కాదు. అందులో తప్పేం లేదు, పని తెలిసినవాడు. చేసిన బల్ల మీద గ్లాసుడు నీళ్ళు పెడితే నీళ్ళు కదిలేవి కావు. కాకపోతే మనిషికి ఒక పని బాగా వస్తే ఒక ప్రమాదం ఉంది, ప్రపంచమంతా ఆ పనే అనుకుంటాడు.

ఆ పిల్ల ఆ షెడ్డులోనే పెరిగింది. మాకు క్లాస్‌మేటు. ఎక్కువ మాట్లాడేది కాదు, చూసేది. చూసి కొలిచేసేది. ఊరి చివర కలప అడితి ఉండేది కదా, ఆ, అదే, నేను పనిచేసిందే, అప్పటికి నేనింకా చేరలేదులే. లారీల్లో దుంగలొస్తే అక్కడ ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని దుంగ నడుం చుట్టూ కొలిచేవాళ్ళు, మూడోవాడు పొడుగు చెప్పేవాడు, గుమాస్తా పట్టీల పుస్తకం తిప్పి ఎన్ని ఘనపుటడుగులో చూసేవాడు. ఒకసారి మేస్త్రి కర్ర ఎంచుకోడానికి వెళ్తూ కూతుర్ని వెంటబెట్టుకెళ్ళాడు. తొమ్మిదో క్లాసు అప్పుడు. వాళ్ళు టేపు తీసేలోపే ఆ పిల్ల "చుట్టు నాలుగడుగులు, పొడుగు పన్నెండు, మొత్తం పన్నెండు, మామయ్యా" అంది. పుస్తకం తిప్పి చూస్తే పన్నెండే. తర్వాతది చెప్పింది, అదీ సరిపోయింది. చివర ఒక పెద్ద దుంగ, అడితి షావుకారు దానికోసమే లారీవాడితో బేరమాడుతున్నాడు. ఈ పిల్ల దాని మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి, "ఇది లోపల డొల్ల, తీసుకోకండి" అంది. లారీవాడు పగలబడి నవ్వాడు. షావుకారు కోయించి చూశాడు. లోపల ఒక పిల్లి సంసారం పెట్టుకోవచ్చు, అంత డొల్ల. లారీవాడు నవ్వు ఎక్కడ ఆపాలో తెలీక ఇంకాసేపు నవ్వాడు. షావుకారు మాత్రం అక్కడికక్కడే చెప్పాడు. "మేస్త్రీ, నీ కూతురు బడి అవ్వగానే నా దగ్గరికి పంపు. గుమాస్తా ముసలాడు దిగిపోతున్నాడు. ఆ కుర్చీ ఈ పిల్లది."

మరి ఆ పిల్ల ఊరికే పాసయ్యిందా అంటే, స్కూలు ఫస్టు వచ్చింది. పట్నంలో కాలేజీ వాళ్ళు మా స్కూలుకి ఏటా ఒక్క సీటు ఇచ్చేవాళ్ళు. ఫస్టు వచ్చినవాళ్ళకి చదువు, ఉండడం, తినడం అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఉత్తరం వచ్చింది. పది రోజుల్లో వచ్చి చేరాలి, లేకపోతే రెండోవాళ్ళకి ఇచ్చేస్తాం అని. అదే వారం షావుకారూ కుర్చీ సంగతి గుర్తుచేస్తూ కబురంపాడు. అంటే ఒకే వారంలో ఆ ఇంటికి రెండు తలుపులు తెరుచుకున్నాయన్నమాట. మా వీధిలో ఒక్క తలుపు తెరుచుకోవడమే గొప్ప.

లెక్కల టీచరమ్మ ఇంటికొచ్చింది. ఆవిడ నడిస్తే చెప్పుల చప్పుడు ముందొచ్చేది, ఆవిడ తర్వాత. "మేస్త్రిగారూ, ఇరవై ఏళ్ళలో ఇలాంటి పిల్లని చూడలేదు. పంపించండి" అంది. మేస్త్రి భార్య గుమ్మంలోంచే "చదివి ఏం ఊడబొడుస్తుందండీ, కళ్ళముందు ఉద్యోగం ఉంటే" అంది. ఆవిడకి కూతురు పట్నం వెళ్ళడం ఇష్టం లేదు. అడితి అయితే రెండు వీధుల అవతల, మధ్యాహ్నం తిండికి ఇంటికొస్తుంది. అదీ ఆవిడ లెక్క. నేనా? నేను అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాను. మనకి పిలుపు అక్కర్లేదు కదా, ఎక్కడ మాటలు జరిగితే అక్కడ మనం.

ఆ పిల్లకేం కావాలో మాత్రం ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నేనడిగాను, ముందురోజు సాయంత్రం. కాలేజీయా, అడితా అని. అది నావంక వింతగా చూసింది. "ఏదైనా సరే. రెండూ నాకిష్టమే. ఏదో ఒకటి మొదలుపెట్టనిస్తే చాలు" అంది. అంతే అంది. అంత చిన్న కోరిక నేను మళ్ళీ ఎవరి దగ్గరా వినలేదు.

మేస్త్రి అందరి మాటా విన్నాడు. చాలాసేపు విన్నాడు. ఆయన వింటుంటే చేసేస్తాడేమో అనిపిస్తుంది, అదీ ఆయనలో ఉన్న మోసం. చివరికి అన్నాడు, "ఆగండి." టీచరమ్మ ఆగింది. "పదహారేళ్ళ పిల్ల. పచ్చి. ఇప్పుడు కోసి బిగిస్తే రేపు ఎటు వంకరపోతుందో తెలీదు. ఏడాది ఆరనివ్వండి. కాలేజీకి పనికొస్తుందో, కుర్చీకి పనికొస్తుందో అప్పుడు కర్రే చెప్తుంది." టీచరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "మేస్త్రిగారూ, ఆడపిల్లండీ, దుంగ కాదు" అంది. "అందుకేనమ్మా ఇంకా జాగ్రత్త. దుంగ పాడైతే పొయ్యిలోకైనా పనికొస్తుంది." ఆవిడ లేచి నిలబడి "కాలేజీ ఆగదు" అంది. "మీ స్కూలు తలుపు చూశారా టీచరమ్మా? అదీ ఆగనన్నదే." ఆవిడ చెయ్యి తన కుడి మోకాలి మీదకి పోయింది. పాపం, రోజూ ఆ తలుపు వేసే మనిషి.

మర్నాడు పొద్దున చూస్తే షెడ్డు గుంజ మీద సుద్దతో కొత్త తేదీ. పలక తేదీ కాదు, కూతురి తేదీ. అబద్ధం కాదే, నా కళ్ళతో చూశాను. కాలేజీకి ఉత్తరం రాయించాడు, మా అమ్మాయి సీటు ఏడాది ఉంచండి అని. కుదరదు అని ఒక్క లైను జవాబొచ్చింది. షావుకారు మాత్రం పెద్దమనిషిలా "ఏడాదేం, రెండేళ్ళైనా ఆగుతాను మేస్త్రీ, నా కుర్చీకి కాళ్ళొచ్చి ఎక్కడికీ పోదు" అన్నాడు. కుర్చీకి నాలుగు కాళ్ళు ముందునుంచే ఉన్నాయని ఎవరికీ తట్టలేదు.

ఆ ఏడాది ఆ పిల్ల ఏం చేసిందంటావా? ఏం చెయ్యలేదు. చెయ్యనివ్వలేదు. పోనీ షెడ్డులో చిత్రిక పడతాను నాన్నా అంటే, ఆరుతున్నప్పుడు పని పెట్టకూడదు అన్నాడు. పొట్టు ఊడ్చేది. పలకల మధ్య కూర్చునేది. పెన్సిల్‌తో పలకల మీద లెక్కలు చేసుకునేది, పెద్ద పెద్ద లెక్కలు, పుస్తకం లేకుండా. మర్నాడు మేస్త్రి వచ్చి ఆ పలక మీద చిత్రిక పట్టేసేవాడు. కోపంతో కాదు, పలక వంతు వచ్చింది కాబట్టి. లెక్కలన్నీ చుట్టలు చుట్టుకుని కింద పడేవి, ఆ పిల్లే ఊడ్చేది. వీధిలో కుర్రకారు అటుగా వెళ్తూ గోడకున్న చెక్క మీద వేలితో కొట్టి, చెవి ఆనించి, "ఇంకా పచ్చే" అనేవాళ్ళు. ఎవడో మొదలుపెట్టాడు ఆ వేళాకోళం. నెల తిరిగేసరికి చిన్నపిల్లలు కూడా అనేవాళ్ళు. ఎవడు మొదలుపెట్టాడా? ఎవడైతే ఏంలే.

ఆ సీటు ఉత్తరంలో రాసినట్టే రెండోవాడికి వెళ్ళింది. ఆ రెండోవాడు ఏమంత ఘనుడు కాదు. లెక్కల పరీక్షలో ముందు బెంచీలో ఈ పిల్ల కూర్చుంది కాబట్టి వాడికి రెండో స్థానం వచ్చింది. మెడ కొంచెం పొడుగు వాడికి. కొత్త పెట్టె కొనుక్కుని, బస్సు దగ్గరికి పదిమందిని వెంటేసుకుని, పెళ్ళికొడుకులా వెళ్ళాడు. కాలేజీలో ముందు బెంచీలో వేరేవాళ్ళు కూర్చున్నారు, వాళ్ళ రాత వాడికి అర్థం కాలేదు. ఏడాది తిరక్కుండానే పెట్టెతో సహా వచ్చేశాడు. వాళ్ళమ్మ వీధంతా తిరిగి "మావాడికి అక్కడి నీళ్ళు పడలేదండీ" అని చెప్పుకుంది. అన్ని సబ్జెక్టుల్లోనూ నీళ్ళు పడలేదు పాపం. ఆ, నేనే. ఎందుకలా చూస్తావు? మీ నాన్నకి తెలీదు, చెప్పకు. తాత పట్నంలో చదువుకున్నాడని గొప్పగా చెప్పుకుంటాడు, చెప్పుకోనీ.

వచ్చాను కదా, ఇంట్లో ఎన్నాళ్ళని కూర్చుంటాను. మా నాన్న పొద్దున్నే నా మొహం చూసి పేపరు అడ్డం పెట్టుకునేవాడు. అడితిలో గుమాస్తా ముసలాడు మంచం పట్టాడు, కుర్చీ ఖాళీ. ఆ పిల్ల తేదీకి ఇంకా మూడు వారాలుంది. నేనే వెళ్ళి షావుకార్ని అడిగాను. "ఆ అమ్మాయి వచ్చేదాకా, మూడు వారాలే కదండీ, కుర్చీకి దుమ్ము పట్టకుండా కూర్చుంటాను" అన్నాను. ఆయనకీ లెక్కలు ఆగిపోయాయి, సరే అన్నాడు. కాలేజీ చూసొచ్చిన కుర్రాడు అని వచ్చినవాళ్ళకి నన్ను చూపించేవాడు. చూసొచ్చాను, అది మాత్రం నిజం.

తేదీ వచ్చింది. పొద్దున్నే మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని, కూతుర్ని తీసుకుని అడితికి వచ్చాడు. ఆ పిల్ల చేతిలో సర్టిఫికెట్టు, చుట్టి దారం కట్టి ఉంది. కొత్త చెప్పులు. మేస్త్రి గేటు దగ్గరే నిలబడి, తయారైన మంచం అప్పజెప్తున్నట్టు, "షావుకారుగారూ, ఆరింది" అన్నాడు. షావుకారు నావంక చూశాడు. నేను లేవాలి. మాట ప్రకారం నేను లేవాలి, అది అందరికీ తెలుసు, నాకూ తెలుసు. నేను పట్టీల పుస్తకం తిప్పుతూ కూర్చున్నాను. ఏ పేజీయో కూడా చూడలేదు, తిప్పుతూనే ఉన్నాను. షావుకారు కాసేపు గొంతు సవరించుకున్నాడు. "మేస్త్రీ, కుర్రాడు కాలేజీ నుంచి వచ్చాడు, అలవాటు పడ్డాడు, ఇప్పుడు లెమ్మంటే బాగుండదు. ఇంకొన్నాళ్ళు ఆగు" అన్నాడు. మేస్త్రికి జీవితంలో ఇంకొకళ్ళు ఆగు అని చెప్పడం అదే మొదటిసారి. ఎవరైనా నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. దుంగలు దింపేవాళ్ళు కూడా తాళ్ళు పట్టుకుని అలా ఉండిపోయారు.

మేస్త్రి తల ఊపాడు. "సరేనమ్మా, ఇంకో ఏడాది ఆగుదాం" అన్నాడు కూతురితో. ఆ పిల్ల అప్పుడు మాట్లాడింది, మెల్లిగానే, నాకు వినిపించింది. "నాన్నా, మరీ ఎక్కువ ఆరినా పగులుతుంది." కర్ర సంగతి ఆయనకి చెప్పక్కర్లేదు కదా. మేస్త్రి మొహం చూడాల్సింది. చూడలేదనుకో, నేను పుస్తకంలోకే చూస్తున్నాను. మూడు రోజులు ఆయన షెడ్డు తలుపు తియ్యలేదని తర్వాత వాళ్ళావిడ చెప్పింది. షెడ్డు గుంజ మీద తేదీ తుడిచేశాడట.

కాలేజీ వాళ్ళు ఆ ఏడాది సీటు ఆ ఏడాది ఫస్టు వచ్చినవాళ్ళకి ఇచ్చారు. లెక్కల టీచరమ్మ ఇంకో స్కూలుకి మారిపోయింది. ఇంక ఆ పిల్ల షెడ్డులోనే పని మొదలుపెట్టింది, ఈసారి మేస్త్రి కాదనలేదు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక మొత్తం అదే చేసేది. అది చేసిన తలుపు చిటికెన వేలితో తోస్తే పడేది. జనం వచ్చి తలుపు మెచ్చుకునేవాళ్ళు, మేస్త్రి చెయ్యే చెయ్యి అనేవాళ్ళు. మేస్త్రి నా కూతురు చేసింది అనేవాడు. ఆగు మేస్త్రి ముసలితనంలో జోకులు వేస్తున్నాడు అనుకునేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళు అలా గడిచాయి. ముందు వాళ్ళావిడ పోయింది, తర్వాత ఆయనా పోయాడు. ఆయన పోయిన నెలనించి పని రావడం ఆగిపోయింది. మేస్త్రి పోయాక ఆ షెడ్డులో ఎవరున్నారు అన్నారు. ఉన్న మనిషి వాకిట్లో నిలబడి ఉండగానే అన్నారు. మన వీధి కదా.

అప్పటికి షావుకారు కూడా లేడు. కొడుకులు వేరే ఊళ్ళో, అడితి మొత్తం నాకే వదిలేశారు. నాతోపాటు ఇంకో గుమాస్తా ఉండేవాడు, వాడు పెళ్ళి చేసుకుని మామగారి ఊరు వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడో నాకు తెలుసు, అత్తగారి వంట. సరే, వాడి గోల వద్దులే. గుమాస్తా కావలెను అని అట్ట రాసి గేటుకి కట్టింది నేనే, నా చేత్తోనే. రెండో రోజు మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చింది. పిల్ల అంటున్నాను గానీ, నాతోటిదే, ముప్ఫై అయిదేళ్ళు. జుట్టులో రంపంపొట్టు ఉంది. బల్ల ముందు నిలబడి, "గుమాస్తా కావాలని చూశాను" అంది. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అట్ట గేటుకి వేలాడుతోంది, నేను కూర్చున్నచోటికి కనిపిస్తోంది. అది లోపలికొచ్చి ఒక వారం కూర్చుంటే, పద్దెనిమిదేళ్ళుగా నేను కొలిచినవన్నీ ఎలా కొలిచానో తెలిసిపోతుంది. ఒక వారం కూడా అక్కర్లేదు, ఒక్క పూట చాలు.

ఖాళీ లేదన్నాను.

ఆ కుర్చీ వంక చూసింది. నావంక చూసింది. సరే అంది. ఆ వారంలోనే షెడ్డు ఎవరికో అమ్మేసి ఊరొదిలి వెళ్ళిపోయింది. ఎటు వెళ్ళిందో తెలీదు. ఆ అట్ట నేను తీసేశాను. రెండో గుమాస్తాని మళ్ళీ పెట్టుకోలేదు, నేను పని దిగేదాకా ఆ కుర్చీ అలాగే ఉంది.

ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు.